అప్‌గ్రేడ్ తరువాత తెర రాకపోతే: లినక్స్ డిస్‌ప్లే సర్వర్ లోపాలను గుర్తించి సరిచేయడం

పరిచయం

ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కు అప్‌గ్రేడ్ చేసి కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేసినప్పుడు లాగిన్ తెర రాకుండా, నల్లటి తెర మీద ఎడమవైపు పై మూలలో ఒక చిన్న గీత మాత్రమే మినుకుమినుకుమంటూ ఉండిపోవడం లినక్స్ వాడేవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. దూరవిద్య విద్యార్థికి ఇది చిన్న ఇబ్బంది కాదు. ప్రాజెక్టు నివేదిక, అసైన్‌మెంట్లు, దించుకున్న పాఠాలు అన్నీ ఆ ఒక్క యంత్రంలోనే ఉంటాయి. పక్కన అడగడానికి ప్రయోగశాల సహాయకుడు ఉండడు. తెలిసినవారిని అడిగితే మొదట వచ్చే సలహా "ఫార్మాట్ కొట్టించు" అన్నదే. ఆ సలహా పాటిస్తే తెర వస్తుంది, నివేదిక పోతుంది.

అందువల్ల ఈ పాఠంలో మొదట గుర్తుంచుకోవలసిన విషయం ఇది. తెర పోవడం వేరు, కంప్యూటర్ పోవడం వేరు. సికింద్రాబాద్ స్టేషన్‌లో ఇండికేటర్ బోర్డు ఆరిపోతే ప్రయాణికులు కంగారు పడతారు గానీ రైళ్లు ఆగిపోవు. లినక్స్‌లో బొమ్మల తెరను చూపే భాగం కెర్నల్ లోపల కలిసిపోయి ఉండదు. అది విడిగా నడిచే ఒక ప్రోగ్రాము. అది పడిపోయినా కింద కెర్నల్, డిస్కు, నెట్‌వర్క్, మీ ఫైళ్లు మామూలుగానే ఉంటాయి.

ఒక సూచన. ఈ పాఠంలో కమాండ్ల పేర్లను ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఇచ్చాం. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో చేయాలి. డీఎఫ్, ఏపీటీ వంటివి ఒక్కొక్క అక్షరాన్ని విడిగా పలికే పేర్లు. సుడో, గ్రెప్, లెస్ వంటివి ఒకే మాటగా పలికేవి.

తెర వెనుక ఎవరెవరు పనిచేస్తారు?

లినక్స్‌లో గ్రాఫికల్ తెరకు ఆధారం చాలాకాలంగా ఎక్స్ విండో సిస్టమ్. ఇది 1984లో అమెరికాలోని ఎంఐటీలో, ఎథీనా ప్రాజెక్టు కాలంలో మొదలైంది. ఇప్పటికీ వాడుకలో ఉన్న పదకొండవ రూపం 1987లో వచ్చింది. లినక్స్ మీద మొదట ఎక్స్‌ఫ్రీ86 అనే అమలు రూపం ప్రచారంలో ఉండేది. 2004లో దాని లైసెన్సు మార్పు మీద వివాదం వచ్చి, ఎక్కువమంది ఎక్స్.ఆర్గ్ వైపు వెళ్లారు. నేడు లాగ్ ఫైళ్లలో మనకు కనిపించే పేరు ఇదే. 2008లో వేలాండ్ అనే మరో పద్ధతి మొదలైంది. దాని సంగతి తరువాత చూద్దాం.

ఇక్కడ "సర్వర్" అన్న మాట విద్యార్థులను తికమక పెడుతుంది. సర్వర్ అంటే ఎక్కడో దూరాన ఉండే పెద్ద యంత్రం అని మనకు అలవాటు. ఎక్స్ విషయంలో సర్వర్ మీ ముందున్న కంప్యూటర్‌లోనే ఉంటుంది. తెర, కీబోర్డు, మౌసు దాని అధీనంలో ఉంటాయి. బ్రౌజర్, ఆఫీస్ ప్రోగ్రాము వంటివి "ఇక్కడ ఒక కిటికీ గీయి" అని దానిని అడిగే క్లయింట్లు.

ఒక తెర కనిపించాలంటే ఐదారు భాగాలు ఒకదాని మీద ఒకటి నిలబడాలి. అన్నిటికంటే కింద కెర్నల్‌లోని గ్రాఫిక్స్ డ్రైవర్ ఉంటుంది. కార్డును గుర్తించి, తెరకు తగిన రిజల్యూషన్‌ను అమర్చేది ఇదే. కొన్ని కార్డులకు దీనితోపాటు ఫర్మ్‌వేర్ అనే చిన్న ఫైలు కూడా కావాలి. దాని పైన ఎక్స్ సర్వర్, ఆ సర్వర్ వాడుకునే డ్రైవర్ భాగం. త్రిమితీయ చిత్రణకు మీసా అనే లైబ్రరీ. ఆ పైన మీ పేరు, పాస్‌వర్డ్ అడిగే డిస్‌ప్లే మేనేజర్: లైట్‌డీఎం, జీడీఎం, ఎస్‌డీడీఎం ఇలాంటివే. చివరగా ఎక్స్ఎఫ్‌సీఈ, గ్నోమ్, కేడీఈ వంటి డెస్క్‌టాప్ సెషన్.

అప్‌గ్రేడ్‌లో ఈ భాగాలన్నీ ఒకేసారి మారుతాయి. ఏ ఒక్కటి మారకుండా మిగిలినా, మారిన వాటితో పొసగకపోవచ్చు. నా అభిప్రాయంలో ఈ సమస్యలో సగం పరిష్కారం ఏ భాగం దగ్గర ఆగిందో కనుక్కోవడమే. మిగిలిన సగం నాలుగైదు కమాండ్లు.

లక్షణాన్ని బట్టి స్థానం

పాస్‌వర్డ్ అడిగే తెర వచ్చిందా, లేదా అన్నది మొదటి ప్రశ్న. వచ్చిందంటే కెర్నల్ డ్రైవర్, డిస్‌ప్లే సర్వర్ రెండూ పనిచేస్తున్నట్లే. ఆ తెరను గీసింది ఆ సర్వరే కదా. సరైన పాస్‌వర్డ్ ఇచ్చిన తరువాత ఒక్క క్షణం నల్లబడి మళ్లీ అదే లాగిన్ తెర వస్తే తప్పు మీ ఖాతాకు సంబంధించినది. ఇలాంటప్పుడు డ్రైవర్లను తీసి వేయడం వల్ల ఉన్న తెర కూడా పోతుంది. ముందు డిస్కు నిండిందేమో చూడాలి. అప్‌గ్రేడ్ వందలాది ప్యాకేజీలను దించుతుంది కాబట్టి చిన్న డిస్కులు నిండిపోవడం మామూలే. సెషన్ మొదలయ్యేటప్పుడు మీ హోమ్ ఫోల్డరులో కొన్ని చిన్న ఫైళ్లు రాయాలి. చోటు లేకపోతే సెషన్ మొదలు కాకుండానే ముగుస్తుంది. రెండవ కారణం మీ హోమ్‌లో ఉండే ఎక్స్అథారిటీ అనే దాగిన ఫైలు. ఎవరో చెప్పారని సుడోతో స్టార్ట్ఎక్స్ నడిపితే ఆ ఫైలు రూట్ పేరు మీదికి మారిపోవచ్చు. అప్పుడు మీ సొంత ఇంటి తాళం చెవి మీకే అందదు. ఆ ఫైలు పేరు మార్చి పక్కన పెడితే తరువాతి లాగిన్‌లో కొత్తది తయారవుతుంది.

తెర వచ్చింది గానీ అక్షరాలు పెద్దవిగా, బొమ్మ సాగదీసినట్లుగా ఉంటే అసలు డ్రైవర్ దొరకక సాధారణ డ్రైవర్‌తో నడుస్తోందని అర్థం. అంతా సరిగ్గా కనిపిస్తూ, కిటికీని జరిపితే ఈడ్చినట్లు ఉంటే బొమ్మలు గీసే పని గ్రాఫిక్స్ కార్డుకు బదులు ప్రాసెసర్ చేస్తూ ఉండవచ్చు.

లాగిన్ తెరే రాకపోతే మన పని కింది భాగాలతో. ఈ పాఠంలో ఎక్కువగా చర్చించేది దీనినే.

లోపలికి దారి

కంట్రోల్, ఆల్ట్ మీటలు నొక్కి ఉంచి ఎఫ్3 నొక్కండి. బొమ్మలు లేని అక్షరాల తెర వస్తుంది. దీనిని కన్సోల్ అంటారు. యూజర్ పేరు, తరువాత పాస్‌వర్డ్ ఇవ్వాలి. పాస్‌వర్డ్ టైపు చేస్తున్నప్పుడు చుక్కలు గానీ నక్షత్రాలు గానీ కనిపించవు. కీబోర్డు పనిచేయడం లేదని కంగారు పడవద్దు.

ఎఫ్3తో కూడా ఏమీ రాకపోతే కంప్యూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేసి గ్రబ్ మెనూ దగ్గర ఆగండి. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అనే వరుస కింద పాత కెర్నల్ ఇంకా ఉంటుంది. అప్‌గ్రేడ్ సాధారణంగా నడుస్తున్న పాత కెర్నల్‌ను వెంటనే తొలగించదు. పాత కెర్నల్‌తో తెర వస్తే లోపం కొత్త కెర్నల్‌కూ దాని డ్రైవర్‌కూ మధ్య ఉందని ఒక్క ప్రయోగంతో తేలిపోయింది. అదీ రాకపోతే గ్రబ్‌లో 'ఈ' మీట నొక్కి, లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ అని చేర్చి కంట్రోల్ ఎక్స్‌తో ముందుకు వెళ్లవచ్చు. కెర్నల్ గ్రాఫిక్స్ డ్రైవర్ల జోలికి పోకుండా లేస్తుంది. ఇది ఆ ఒక్కసారికే వర్తిస్తుంది. చాలామంది దీనినే శాశ్వతంగా పెట్టేసి సమస్య తీరిందనుకుంటారు. నిజానికి అది కాలికి కట్టు కట్టడం లాంటిది, ఎముక అతకలేదు.

లోపలికి వెళ్లగానే రిపేరు మొదలుపెట్టకండి. ముందు ఫైళ్లు. పెన్‌డ్రైవ్ పెట్టి ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండు ఇస్తే డిస్కుల జాబితా వస్తుంది. పరిమాణాన్ని బట్టి పెన్‌డ్రైవ్ ఏదో తెలుస్తుంది. దాని భాగాన్ని మౌంట్ కమాండుతో ఎంఎన్‌టీ ఫోల్డరుకు తగిలించి, సీపీ కమాండుకు ఆర్ అనే చిన్న అక్షరం చేర్చి మీ డాక్యుమెంట్స్ ఫోల్డరు మొత్తం అందులోకి కాపీ చేయండి. తరువాత అన్‌మౌంట్ చేసి తీయాలి. ఆ కమాండులో అన్‌కు బదులు 'యు' ఒక్కటే రాస్తారు. పది నిమిషాల పని ఇది. దీని తరువాత మీ చేతిలో ఏది చెడినా నివేదిక చెడదు.

తెలుగులో వాడేవారికి ఒక అదనపు చిక్కు

మీ డెస్క్‌టాప్ భాషను తెలుగుగా పెట్టుకుని ఉంటే కన్సోల్‌లో దోష సందేశాలు గళ్లుగానో, వజ్రాల గుర్తులుగానో కనిపించవచ్చు. సిస్టమ్ పాడైంది కాబట్టి అక్షరాలు పోయాయని అనుకునేవారు ఉన్నారు. అది నిజం కాదు. లినక్స్ కన్సోల్ ఫాంటులో 256 లేదా 512 రూపాలకు మాత్రమే చోటుంటుంది. పైగా ఒక గడిలో ఒక అక్షరం పెట్టడమే దానికి తెలుసు. "క్ష్మి" వంటి అక్షరానికి హల్లులు, వత్తులు, గుడి కలిపి ఒక ఆకారం కూర్చాలి. ఆ పని డెస్క్‌టాప్‌లో హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీలు చేస్తాయి. కన్సోల్‌లో అవి లేవు. స్వేచ్ఛ వంటి సంస్థల కార్యకర్తలు, ఇతర స్వచ్ఛంద అనువాదకులు ఏళ్ల తరబడి తెలుగులోకి తెచ్చిన సందేశాలు సరిగ్గా మనకు అవసరమైన ఈ సమయంలో చదవడానికి వీలులేకుండా పోవడం విచారకరమే.

దీనికి మార్గం ఉంది. కన్సోల్‌లోకి రాగానే ఎక్స్‌పోర్ట్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, పెద్ద అక్షరాలలో ఎల్‌సీ అండర్‌స్కోర్ ఆల్, సమానం గుర్తు, పెద్ద అక్షరం 'సీ' టైపు చేయండి. మీరు లాగౌట్ అయ్యేవరకు సందేశాలన్నీ ఇంగ్లీషులో వస్తాయి. శాశ్వతమైన మార్పేమీ జరగదు.

దీనికి వ్యతిరేకమైన సందర్భం కూడా ఉంది. డెస్క్‌టాప్ చక్కగా వచ్చి, మెనూల్లో తెలుగు మాత్రమే గళ్లుగా కనిపిస్తే డిస్‌ప్లే సర్వర్‌ను అనుమానించనక్కరలేదు. తెలుగు ఫాంట్ల ప్యాకేజీ తొలగిపోయి ఉంటుంది. డెబియన్, ఉబుంటులలో లోహిత్ తెలుగు ఒక ప్యాకేజీగా, తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు మరొక ప్యాకేజీగా దొరుకుతాయి.

ఒక ఉదాహరణ: పాత కార్డు, కొత్త డెబియన్

సికింద్రాబాద్ పార్క్ లేన్ కంప్యూటర్ బజారు గురించి ఈ ప్రాంతంలోని విద్యార్థులకు చెప్పనక్కరలేదు. చెనాయ్ ట్రేడ్ సెంటర్, దాని చుట్టుపక్కల దుకాణాలలో కొత్త సరుకుతోపాటు సెకండ్‌హ్యాండ్ యంత్రాలూ దొరుకుతాయి. తక్కువ ధరకు కంప్యూటర్ కావలసిన విద్యార్థి ఇలాంటి పాత డెస్క్‌టాప్ కొని లినక్స్ వేసుకోవడం తెలివైన పనే. అయితే పాత యంత్రాలలో పాత గ్రాఫిక్స్ కార్డులుంటాయి. అప్‌గ్రేడ్‌లో ఎక్కువగా తడబడేవి అవే.

అలాంటి ఒక యంత్రంలో ఎన్విడియా ఫెర్మీ తరానికి చెందిన జీఫోర్స్ 400 లేదా 500 శ్రేణి కార్డు ఉందనుకుందాం. అందులో 2021 ఆగస్టులో విడుదలైన డెబియన్ 11, ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, ఎన్విడియా సంస్థ సొంత డ్రైవర్ 390 శ్రేణి వాడుతున్నారు. ఫెర్మీ కార్డులకు పనికివచ్చే చివరి శ్రేణి అదే. 2022 చివరితో ఎన్విడియా దానికి మద్దతు ముగించింది. 2023 జూన్ 10న డెబియన్ 12 వచ్చింది. అందులో 390 శ్రేణి ప్యాకేజీ లేదు. ఈ విషయం తెలియకుండా విద్యార్థి అప్‌గ్రేడ్ చేశారు. పునఃప్రారంభం తరువాత నల్ల తెర, మినుకుమనే గీత.

పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అయిపోయింది. ఇప్పుడు ఏం చూడాలి?

మొదట డీఎఫ్ కమాండుకు హైఫన్, హెచ్ చేర్చి డిస్కులో చోటు చూడాలి. తరువాత అప్‌గ్రేడ్ పూర్తయిందా అన్నది చూడాలి. మధ్యలో కరెంటు పోయి ఉంటే సగం ప్యాకేజీలు విప్పి, అమర్చకుండా మిగిలిపోతాయి. అప్పుడు ఏ డ్రైవర్‌ను చూసినా ప్రయోజనం లేదు. సుడో డీపీకేజీ, రెండు హైఫన్లతో కాన్ఫిగర్, ఒక హైఫన్‌తో ఏ అనే కమాండు మిగిలినవాటిని అమర్చుతుంది. దాని తరువాత సుడో ఏపీటీ, రెండు హైఫన్లతో ఫిక్స్-బ్రోకెన్, చివర ఇన్‌స్టాల్ ఇస్తే లోటుపాట్లు పూర్తవుతాయి. యూపీఎస్ లేని ఇళ్లలో డ్రైవర్ కంటే ముందు ఈ కారణాన్నే అనుమానించాలని నా సలహా. మన ఉదాహరణలో రెండూ సరిగ్గానే ఉన్నాయి.

ఇక లాగ్ ఫైలు. లైట్‌డీఎం వాడే యంత్రాలలో ఎక్స్ సర్వర్ తన దినచర్యను వర్ డైరెక్టరీలోని లాగ్ ఫోల్డరులో ఎక్స్ఆర్గ్.0.లాగ్ అనే ఫైలులో రాస్తుంది. ఆ పేరులో మొదటి అక్షరం ఎక్స్ పెద్దక్షరం. లెస్ కమాండుతో దానిని తెరవండి. కిందికి వెళ్లడానికి స్పేస్ మీట, బయటికి రావడానికి 'క్యూ'. ప్రతి వరుస ముందు బ్రాకెట్లలో రెండు గుర్తులుంటాయి. రెండు 'ఐ'లు సమాచారం, రెండు 'డబ్ల్యూ'లు హెచ్చరిక, రెండు 'ఈ'లు దోషం. రెండు సమానం గుర్తులుంటే సర్వర్ తనంతట తాను ఎంచుకున్న విలువ. రెండు నక్షత్రాలుంటే ఎవరో కాన్ఫిగరేషన్ ఫైలులో రాసిపెట్టిన విలువ.

గ్రెప్ కమాండుతో దోషాల వరుసలను మాత్రమే ఏరవచ్చు. బ్రాకెట్లు ఉన్నందువల్ల వెతికే మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. అప్పుడు మొదట కనిపించే వరుస ఒకటి దోషం కాదు. ఫైలు మొదట్లో ఈ గుర్తులకు అర్థాలు చెప్పే వరుస అది. అన్ని లాగ్‌లలోనూ ఉంటుంది. అది చూసి బెదరనక్కరలేదు.

మన ఉదాహరణలో ఇలా మూడు ముఖ్యమైన వరుసలు కనిపిస్తాయి. ఎన్విడియా మాడ్యూల్‌ను ఎక్కించలేకపోయాను అని ఒకటి. వాడగల డ్రైవర్లేవీ లేవు అని మరొకటి. చివరగా ప్రసిద్ధమైన వాక్యం: "నో స్క్రీన్స్ ఫౌండ్." ఈ చివరి వాక్యాన్ని అక్షరాలా తీసుకుని మానిటర్ కేబుల్ మార్చినవారు, మానిటరే మార్చినవారు ఉన్నారు. ఎక్స్ పరిభాషలో స్క్రీన్ అంటే ఒక కార్డు, ఒక డ్రైవర్, ఒక మానిటర్ కలిసిన అమరిక. డ్రైవర్ దొరకకపోయినా అమరిక దొరకలేదనే చెబుతుంది. కాబట్టి లాగ్‌లో చివరి దోషాన్ని కాకుండా మొదటి దోషాన్ని చదవాలి. మిగిలినవి దాని పర్యవసానాలు.

అయితే ఎన్విడియా డ్రైవర్ దొరకనంత మాత్రాన సర్వర్ ఎందుకు పడిపోవాలి? నేటి ఎక్స్ సర్వర్ తనంతట తానే కార్డును చూసి ఒకదాని తరువాత ఒకటిగా డ్రైవర్లను ప్రయత్నిస్తుంది. ఒకటి లేకపోతే ఇంకొకటి. ఆ ప్రయత్నంలో "ఫలానా మాడ్యూల్ లేదు" అనే దోషం వచ్చినా హాని లేదు. ఇక్కడ మాత్రం అలా జరగలేదు. లాగ్ పైభాగంలో కాన్ఫిగరేషన్ ఫైలు వాడుతున్నట్లు ఒక వరుస ఉంది. ఈటీసీ డైరెక్టరీలో ఎక్స్11 ఫోల్డరులో ఎక్స్ఆర్గ్.కాన్ఫ్ అనే ఫైలు. పాత డ్రైవర్ వేసిన రోజుల్లో ఎన్విడియా ఉపకరణంతో తయారైన ఫైలు అది. "డ్రైవర్ ఎన్విడియా" అని అందులో రాసి ఉంది. యజమాని అలా ఆజ్ఞాపించినప్పుడు సర్వర్ ఇంకొక డ్రైవర్ జోలికి పోదు. డ్రైవర్ వెళ్లిపోయింది, ఆజ్ఞ మిగిలింది. అప్‌గ్రేడ్ ప్రోగ్రాము ఇలా చేత్తోనో, వేరే ఉపకరణంతోనో రాసిన ఫైళ్లను మార్చదు.

మాడ్యూల్ ఎందుకు లేదన్నది ఇంకో ప్రశ్న. ఎన్విడియా మాడ్యూల్ కెర్నల్‌తో పాటు రాదు. డీకేఎంఎస్ అనే ఏర్పాటు ప్రతి కొత్త కెర్నల్‌కూ దానిని మన యంత్రంలోనే నిర్మిస్తుంది. నిర్మాణానికి ఆ కెర్నల్‌కు సరిపడే హెడర్స్ ప్యాకేజీ ఉండాలి. డ్రైవర్ మూలం కూడా ఆ కెర్నల్‌ను ఎరిగినదై ఉండాలి. డీకేఎంఎస్ స్టేటస్ అనే కమాండు ఏ కెర్నల్‌కు నిర్మాణం జరిగిందో చూపుతుంది. డెబియన్ 12 కెర్నల్ 6.1. మన విద్యార్థి యంత్రంలో పాత కెర్నల్ పేరు ఎదుట నిర్మాణం పూర్తయినట్లు ఉంది, 6.1 ఎదుట ఏమీ లేదు. గ్రబ్‌లో పాత కెర్నల్ ఎంచుకుంటే మాడ్యూల్ ఎక్కడానికి కారణం ఇదే.

ఇక్కడ నిర్ణయం తీసుకోవాలి. హెడర్స్ వేసి 390ని మళ్లీ నిర్మించే ప్రయత్నం చేయవచ్చు. కానీ తయారీదారు వదిలేసిన, డిస్ట్రిబ్యూషన్‌లో లేని డ్రైవర్‌ను పట్టుకుని వేలాడితే ప్రతి కెర్నల్ నవీకరణకూ ఇదే కథ. నివేదికలు రాసుకోవడానికి, పాఠాలు చూడటానికి కెర్నల్‌లోనే ఉండే నూవో అనే స్వేచ్ఛా డ్రైవర్ చాలు. దానికి మారడమే మేలు.

పని మూడు అడుగులు. సుడో ఏపీటీ పర్జ్ అని రాసి, కొటేషన్ గుర్తుల మధ్య ఎన్విడియా అన్న మాటను రెండు వైపులా నక్షత్రాలతో ఇస్తే ఆ పేరున్న ప్యాకేజీలన్నీ వాటి సెట్టింగులతో సహా పోతాయి. "వై" నొక్కేముందు జాబితాను చదవాలి. డెస్క్‌టాప్ ప్యాకేజీలు కూడా అందులో ఉంటే ఆగిపోవాలి. రెండవది, ఎక్స్ఆర్గ్.కాన్ఫ్‌ను ఎంవీ కమాండుతో పేరు మార్చడం. చెరపవద్దు, చివర పాతది అని తెలిసే మాట చేర్చితే చాలు. మూడవది, నూవో మీద ఉన్న నిషేధం తీసేయడం. ఎన్విడియా డ్రైవర్ వేసినప్పుడు నూవో ఎక్కకుండా ఈటీసీలోని మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డరులో బ్లాక్‌లిస్ట్ అనే వరుస ఉన్న ఫైలు పెడతారు. ప్యాకేజీ ద్వారా వచ్చినదైతే పర్జ్‌తో పోతుంది. చేత్తో పెట్టినదైతే మిగులుతుంది. ఆ ఫోల్డరులో నూవో పేరును గ్రెప్‌తో వెతికి చూసి, మిగిలి ఉంటే ఆ వరుస ముందు హ్యాష్ గుర్తు పెట్టండి. తరువాత సుడో అప్‌డేట్-ఇనిట్ర్యామ్‌ఎఫ్ఎస్, హైఫన్, యు. బూట్ మొదట్లో వాడే చిన్న ఫైళ్ల కట్టలో కూడా ఆ నిషేధం నకలు ఉంటుంది. ఈ కమాండు ఇవ్వకపోతే "అన్నీ తీసేశాను, అయినా రావడం లేదు" అనే పరిస్థితి వస్తుంది.

రీబూట్ చేసిన తరువాత తెర వస్తుంది. ఎల్ఎస్‌పీసీఐకి హైఫన్, కే చేర్చి చూస్తే గ్రాఫిక్స్ కార్డు కింద వాడుతున్న డ్రైవర్ నూవో అని ఉండాలి.

తరచుగా కనిపించే మరికొన్ని కారణాలు

ఏఎండీ కార్డులున్న యంత్రాలలో డెబియన్ 12 ఇంకో చోట అడ్డు తగులుతుంది. స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్‌కు ఆ వెర్షన్‌లో నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగం ఏర్పరిచారు. మీ సోర్సెస్ జాబితాలో పాత నాన్-ఫ్రీ మాత్రమే ఉంటే ఫర్మ్‌వేర్ ప్యాకేజీలు పాత వెర్షన్ దగ్గరే ఉండిపోతాయి. కొత్త కెర్నల్ కోరే ఫైలు దొరకక తెర రాదు, లేదా ముతకగా వస్తుంది. జర్నల్‌సీటీఎల్‌కు హైఫన్, బీ చేర్చి చదివితే ఫర్మ్‌వేర్ దొరకలేదన్న వరుస కనిపిస్తుంది. జాబితాలో ఆ మాట చేర్చి, ఏపీటీ అప్‌డేట్ తరువాత ఫర్మ్‌వేర్-ఏఎండీ-గ్రాఫిక్స్ ప్యాకేజీ వేస్తే సరిపోతుంది.

కొత్త కార్డు, కొత్త ఎన్విడియా డ్రైవర్ ఉండి, నిర్మాణం కూడా జరిగి, అయినా మాడ్యూల్ ఎక్కకపోతే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందేమో చూడాలి. సంతకం లేని మాడ్యూల్‌ను అది అనుమతించదు. అప్‌గ్రేడ్ చేసి రీబూట్ చేయకుండానే పని కొనసాగించినప్పుడు లైబ్రరీ ఒక వెర్షన్, కెర్నల్‌లో ఉన్న మాడ్యూల్ ఇంకో వెర్షన్ అని ఎన్విడియా ఫిర్యాదు చేస్తుంది. దానికి రీబూటే మందు.

ఒక్కోసారి తప్పు మీది కాదు, మీ యంత్రానిదీ కాదు. 2006 ఆగస్టులో ఉబుంటు 6.06కు వచ్చిన ఒక ఎక్స్ సర్వర్ నవీకరణ చాలామందికి గ్రాఫికల్ తెర లేకుండా చేసింది. దీర్ఘకాల మద్దతు ఉంటుందని ప్రకటించిన వెర్షన్‌లోనే ఇది జరిగింది. సరిదిద్దిన ప్యాకేజీని వెంటనే విడుదల చేశారు. కానీ దానిని తెచ్చుకోవడానికి కమాండ్ లైన్ తప్ప దారి లేదు. కన్సోల్‌లో రెండు కమాండ్లు తెలిసినవారికి అది కొద్దిసేపటి పని. తెలియనివారికి యంత్రం మూలపడింది. నేటికీ ఇదే వర్తిస్తుంది: కన్సోల్ నుంచి సుడో ఏపీటీ అప్‌డేట్, సుడో ఏపీటీ అప్‌గ్రేడ్ ఒకసారి ఇచ్చి చూడటం ఎప్పుడూ మంచిదే.

దీనికి నెట్ కావాలి. వైఫై పాస్‌వర్డ్ మీ డెస్క్‌టాప్ సెషన్‌లోని కీరింగ్‌లో దాగి ఉంటే కన్సోల్‌లో వైఫై దానంతట అది కలవదు. ఎన్ఎంటీయూఐ అనే కమాండు మెనూ రూపంలో అడుగుతుంది, అక్కడ పాస్‌వర్డ్ ఇవ్వవచ్చు. ఇంకా సులువు, మొబైల్ ఫోనును డేటా కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయడం. చాలా సందర్భాలలో ఏ సెట్టింగూ లేకుండానే నెట్ వస్తుంది.

వేలాండ్ అయితే

డెబియన్ 10 నుంచి గ్నోమ్ డెస్క్‌టాప్ మామూలుగా వేలాండ్ మీదే నడుస్తుంది. ఇందులో ఎక్స్ సర్వర్ స్థానాన్ని గ్నోమ్‌లోని ఒక భాగమే తీసుకుంటుంది. కాబట్టి ఎక్స్ఆర్గ్.0.లాగ్ కోసం వెతికితే ఉండదు. లేదా పాత తేదీతో ఒకటి ఉండి దారి తప్పిస్తుంది. ఫైలు తేదీ చూడకుండా లాగ్ చదవకండి. వేలాండ్ సందేశాలన్నీ జర్నల్‌లో ఉంటాయి. ముందుసారి బూట్‌లో ఏమైందో చూడాలంటే హైఫన్ బీ తరువాత ఖాళీ వదిలి హైఫన్ 1 చేర్చాలి. లాగిన్ తెర వచ్చి, సెషన్ మాత్రమే పడిపోతుంటే పేరు ఎంచుకున్న తరువాత కింది మూలలో కనిపించే పళ్ల చక్రం గుర్తు నొక్కి ఎక్స్ఆర్గ్ మీద నడిచే సెషన్ ఎంచుకుని చూడండి. అది వస్తే కింది భాగాలన్నీ బాగున్నాయి, తప్పు వేలాండ్ సెషన్‌దే. ఈ వెసులుబాటు అన్ని చోట్లా ఎల్లకాలం ఉండదు. 2025లో వచ్చిన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10లో ఎక్స్.ఆర్గ్ సర్వర్‌నే తీసేశారు.

తరువాతి అప్‌గ్రేడ్‌కు ముందు

పై ఉదాహరణలోని విద్యార్థి అప్‌గ్రేడ్‌కు ముందు ఎల్ఎస్‌పీసీఐ -కే ఒక్కసారి చూసి, తన కార్డు ఏ తరానిది, ఏ డ్రైవర్ వాడుతోంది అని ఒక కాగితం మీద రాసుకుని, ఆ డ్రైవర్ కొత్త వెర్షన్‌లో ఉందా అని విడుదల నోట్స్‌లో వెతికి ఉంటే, తెర ఉండగానే నూవోకు మారిపోయి ఉండేవారు. అదే పని, కానీ కన్సోల్ అవసరం లేకుండా. పరీక్షల ముందు వారంలో, ప్రాజెక్టు గడువు దగ్గరపడ్డ రోజుల్లో వెర్షన్ అప్‌గ్రేడ్ పెట్టుకోకూడదు. భద్రతా నవీకరణలు వేరు, అవి ఆపకూడదు.

నూవోకు మారినందువల్ల కొంత నష్టమూ ఉంది. ఫెర్మీ కార్డులను అది పూర్తి వేగంతో నడపలేదు కాబట్టి త్రిమితీయ ఆటలు ఆడలేరు. బ్రౌజర్‌కు, రాతపనికి తేడా తెలియదు. అంతకంటే వేగం కావలసినవారు, ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న యంత్రమైతే కార్డు తీసేసి మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు తగిలించి చూడవచ్చు. ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ కెర్నల్‌తోనే వస్తుంది. అది కూడా చాలదనుకుంటే పార్క్ లేన్‌లో పాత కార్డు మార్చుకునేటప్పుడు ధరతోపాటు ఏ తరం కార్డో అడగండి. దుకాణంలోనే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయించి, తెర పూర్తి రిజల్యూషన్‌తో వచ్చిన తరువాతే డబ్బు చెల్లించండి.